థేమ్స్ మీద రోజంతా లాకుల ప్రయాణం: ఆక్స్‌ఫర్డ్ నుంచి గోరింగ్ దాకా

గోదారి_గాలి (రీడింగ్)

అందరికీ నమస్కారం. లండన్‌లో పార్లమెంటు ముందు చూసే థేమ్స్ వేరు, పైన ఉన్న థేమ్స్ వేరు. లండన్‌లో నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. టెడింగ్టన్ దాటి ఎగువకు వెళితే అవి ఉండవు. అక్కణ్ణుంచి లెచ్‌లేడ్ దాకా నదిని మెట్లు మెట్లుగా కట్టారు. అలాంటి మెట్లు 44 ఉన్నాయి. ప్రతిచోటా నదికి అడ్డంగా ఒక ఆనకట్ట, పక్కనే పడవలు దిగడానికీ ఎక్కడానికీ ఒక లాకు. వీటన్నిటినీ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ చూసుకుంటుంది.

మా ఆఫీసులో ఒకాయనకు సొంత నారోబోట్ ఉంది. రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు, పొడవు మాత్రం బస్సును మించి ఉంటుంది. జూన్‌లో దాన్ని ఆక్స్‌ఫర్డ్ నుంచి దిగువకు తెస్తూ, తాళ్లు పట్టడానికి ఒక మనిషి కావాలన్నారు. నేను వస్తానన్నాను. ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్, ఆబింగ్డన్, కల్హమ్, క్లిఫ్టన్, డేస్, బెన్సన్, క్లీవ్, గోరింగ్. దారిలో మొత్తం 9 లాకులు, దూరం 40 కిలోమీటర్ల పైమాటే. కారులో గంట పట్టని దారికి పొద్దున్నే బయలుదేరి సాయంత్రం దాకా ప్రయాణం చేశాం.

వేగపరిమితి గంటకు 8 కిలోమీటర్లు. అయినా ఆలస్యం చేసేది వేగం కాదు, లాకులే. ఒక్కోదానికి పావుగంట, ముందు రెండు పడవలుంటే అరగంట. అందుకే పడవవాళ్లు ఎవరూ ఎన్ని మైళ్లు అని అడగరు, ఎన్ని లాకులు అని అడుగుతారు. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట కూడా ఇదే: మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేయకండి.

ఇఫ్లీ చేరేసరికి లాక్ కీపర్ ఇంకా డ్యూటీకి రాలేదు. వాళ్లు మామూలుగా 9 గంటలకు వస్తారు. లేనప్పుడు మనమే ఒడ్డు దిగి బటన్లు నొక్కి తూములు, తలుపులు తెరుచుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ దిగువ లాకులు కరెంటుతో పనిచేస్తాయి, పైన ఉన్న వాటిలో చాలావరకు ఇప్పటికీ చేత్తో తిప్పేవే. నదిమీద తొలి లాకుల్లో ఇఫ్లీ ఒకటి. 1630లలోనే ఇక్కడ లాకు ఉండేది. ఇప్పుడున్నది 1924లో కట్టింది. తెల్లటి చిన్న రాతివంతెనలు, పూలకుండీలు, కోసిన గడ్డి. ఆ వేళకు మేము తప్ప ఎవరూ లేరు.

శాండ్‌ఫర్డ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ దారిలో బాగా లోతుగా దిగేది అదే, దాదాపు 2.7 మీటర్లు. లోపలికి వెళ్లినప్పుడు గట్టు నా నడుము ఎత్తులో ఉంది. ఇంజిన్ ఆపాం. ముందు తాడు నేను, వెనక తాడు ఆయన, గట్టుమీది ఇనుప గుంజకు ఒక చుట్టు వేసి కొస చేతిలో పట్టుకున్నాం. వెనక తలుపులు మూశారు. నీళ్లు దిగడం మొదలైంది. ముందు ఏమీ తెలియదు. తర్వాత చూస్తే గోడ తడిగా, పచ్చటి నాచుతో పైకి లేస్తూ ఉంటుంది. తాడు అంగుళం అంగుళం వదులుతూ ఉండాలి. తడి తాడు అరచేతిలో గరగరా జారుతుంటుంది. కాసేపటికి గట్టుమీద నిలబడ్డవాళ్ల చెప్పులు మన తలకు పైన కనిపిస్తాయి. కింద గాలి కూడా చల్లబడుతుంది. ముందు తలుపులు తెరుచుకోగానే ఎండ, వెడల్పాటి నది.

అక్కడికి దగ్గర్లోనే శాండ్‌ఫర్డ్ ఆనకట్ట మీద ఒక రాతిస్తంభం ఉంది. 1843, 1872, 1921లలో ఆ మడుగులో మునిగిపోయిన ఐదుగురు క్రైస్ట్ చర్చ్ కాలేజీ విద్యార్థుల పేర్లు దానిమీద ఉన్నాయి. లాకు పక్కన నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా, ఆనకట్ట వైపు పోకూడదు. అది గుర్తుపెట్టుకోవాలి.

మిగతాది అడిగినవాళ్లకు చెబుతాను.

రవి_ఓరుగల్లు

అన్నా, మంచిగ రాసినవ్. ఒక డౌటు. నేను సాగర్ నుంచి శ్రీశైలం లాంచీల పోయిన, పాపికొండలు కూడా చూసిన. యాడ గూడ లాకు రాలేదు. అసలు లాకు ఎట్ల పనిచేస్తదో జర వివరంగ చెప్పరాదు?

గోదారి_గాలి (రీడింగ్)

రవీ, నువ్వు వెళ్లిన రెండు చోట్లా ప్రయాణం ఒకే నీటిమట్టంలో సాగుతుంది. సాగర్ లాంచీ డ్యాం ఎగువన ఉన్న జలాశయంలోనే తిరుగుతుంది, పాపికొండల బోటు ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువనే ఉండిపోతుంది. ఆనకట్ట దాటి ఇటునుంచి అటు పోవాలన్నప్పుడే లాకు అవసరం.

పని చాలా సులువు. రెండు జతల తలుపులు, మధ్యలో పడవ పట్టేంత తొట్టి. దిగువకు పోయే పడవ వస్తే, ముందు తొట్టిని ఎగువ మట్టానికి నింపి పై తలుపులు తీస్తారు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, కింది తూములు ఎత్తుతారు. నీళ్లు వాటంతట అవే దిగువకు పోతాయి. లోపల మట్టం, బయట మట్టం ఒకటయ్యాక కింది తలుపులు తెరుచుకుంటాయి. ఎక్కేటప్పుడు ఇదే తిరగేసి. నీటిని పైకి తోడే మోటారు ఎక్కడా ఉండదు. కరెంటు ఉంటే అది తలుపులు, తూములు కదపడానికే.

తలుపులు తిన్నగా ఉండవు. రెండూ కలిసేచోట ఎగువవైపు కోణంగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఎగువ నీళ్లు ఎంత నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయి. అందుకే మట్టాలు సమానం కాకముందు ఎంత బలం పెట్టినా తెరుచుకోవు.

ధవళేశ్వరం_వాసి

చిరంజీవి వివరణ బాగుంది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం కలుపుతాను.

కోణం తలుపులను మిలాన్ కాలువల కోసం లియొనార్డో డా విన్సీ రూపొందించాడని సాధారణంగా చెబుతారు. రెండు తలుపుల మధ్య తొట్టి పెట్టే పద్ధతి అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చైనాలో ఉంది. 10వ శతాబ్దం చివర్లో, చియావో వేయ్యూ అనే అధికారి అక్కడి మహాకాలువ మీద కట్టించాడు. అంతకుముందు ఏటవాలు గట్టుమీద తాళ్లు కట్టి పడవలను ఈడ్చేవారు. పడవలు పగిలేవి, సరుకు దొంగలపాలయ్యేది. ఆ నష్టం ఆపడానికే లాకు వచ్చింది.

థేమ్స్ మీద కూడా లాకులకు ముందు వేరే పద్ధతి ఉండేది. మిల్లులవాళ్లు నదికి అడ్డంగా కట్ట వేసుకునేవారు. పడవ వస్తే కట్టలో కొంత భాగం తీసేసేవారు. నీళ్లు ఒక్కసారిగా దూకుతుంటే, దిగే పడవ ఆ వరదమీదే కిందికి పోవాలి. ఎక్కే పడవను ఆ ప్రవాహానికి ఎదురుగా చక్రాలతో, తాళ్లతో లాగాలి. పడవలకు ప్రమాదం, మిల్లుకు నీళ్ల నష్టం. రెండు పక్షాలకూ వందల ఏళ్ల పాటు తగవులు నడిచాయి. తొట్టి లాకులు వచ్చాక అవి తగ్గాయి.

కోనసీమ_సుధ (స్లౌ)

గోదారి గాలి గారూ, చాలా బాగుంది. మాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఒకరికి ఐదు, ఒకరికి ఎనిమిది. ఇద్దరికీ ఈత రాదు. తీసుకెళ్లొచ్చా? పడవ నడపడానికి లైసెన్స్ కావాలా? బాత్రూమ్ సంగతేంటి? మావారు చదివినప్పటినుంచీ వెళ్దాం వెళ్దాం అంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

గోదారి_గాలి (రీడింగ్)

సుధ గారూ, తీసుకెళ్లొచ్చు. కాకపోతే కొన్ని మాటలు ముందే ఒప్పుకుని బయలుదేరండి.

పిల్లలిద్దరికీ పడవ ఎక్కేముందే లైఫ్ జాకెట్ వేయాలి. అద్దె పడవలవాళ్లు ఇస్తారు. పిల్లల సైజువి ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. లాకులోకి వెళ్లేముందు పిల్లలు లోపల కూర్చోవాలి. పడవకూ గోడకూ మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదు. ఇది పెద్దవాళ్లకు కూడా. పదిహేను టన్నుల పడవను ఎవరూ కాలితో ఆపలేరు.

సొంత సరదాకి నడిపేవాళ్లకు ఇక్కడి నదులమీద, కాలువలమీద లైసెన్స్ అక్కర్లేదు. అద్దెకు ఇచ్చేటప్పుడు ఎలా నడపాలో చూపిస్తారు. పడవకు మాత్రం రిజిస్ట్రేషన్ ఉండాలి, అది వాళ్లే చూసుకుంటారు. లాకులకు విడిగా టికెట్ లేదు. చుక్కాని మొదట తికమక పెడుతుంది: కర్రను ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. బ్రేకులు ఉండవు. ఆగాలంటే రివర్స్ గేర్ వేయాలి, అప్పుడు కూడా పడవ తాపీగానే ఆగుతుంది. అందుకే లాకు కనిపించగానే వేగం తగ్గించాలి.

బాత్రూమ్ నారోబోట్లలో ఉంటుంది. రోజు అద్దెకిచ్చే చిన్న పడవల్లో చాలావాటికి ఉండదు, అడిగి తీసుకోండి.

మీకు టెన్షన్ ఉంటే మొదటిసారి సొంతంగా నడపకండి. సాల్టర్స్ స్టీమర్స్ అని 1858 నుంచి ఉన్న సంస్థ ఎండాకాలంలో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆబింగ్డన్‌కు పెద్ద పడవలు నడుపుతుంది. సుమారు రెండు గంటలు. ఇఫ్లీ, శాండ్‌ఫర్డ్, ఆబింగ్డన్ లాకులు మూడూ అందులోనే చూడొచ్చు. పిల్లలకు అది చాలు.

దుగ్గిరాల_బిడ్డ

ఈ పోస్టు చదువుతుంటే మా ఊరి లాకులే కళ్లముందు కనిపించాయి. మాది దుగ్గిరాల. కృష్ణ పశ్చిమ కాలువ మీద లాకులు. అక్కణ్ణుంచే కొమ్మమూరు కాలువ విడిపోయి పెదగంజాం వైపు పోతుంది. అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకుంటుంది. మా తాతయ్య చిన్నప్పుడు ధాన్యం, పొగాకు, సరుగుడు కర్ర అన్నీ పడవల మీదే మద్రాసు పోయేవట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు గట్టుమీద నడుస్తూ తాడుతో లాగడం, ఒకరు గడ వేయడం. లాకు దగ్గర పడవలు వరుసగా ఆగేవి. అక్కడే వంటలు, అక్కడే నిద్ర. లాకు తీసేది ప్రభుత్వ లస్కరు. ఆయన వచ్చి చక్రం తిప్పితేగానీ కదిలేది లేదు.

ఇప్పుడు ఆ లాకుల్లో పడవ కనిపించక ఎన్నో ఏళ్లయింది. మీరు పూలకుండీలు, కోసిన గడ్డి అని రాసిన దగ్గర నా మనసు చివుక్కుమంది.

పెన్నా_తీరం (నెల్లూరు)

దుగ్గిరాల అన్నా, మా వైపు కూడా అంతే. బకింగ్‌హాం కాలువ గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. 1877-78 కరువులో పనుల్లేక అల్లాడుతున్న జనానికి కూలి ఇవ్వడానికి ఈ కాలువ తవ్వకం పెద్దఎత్తున చేయించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో పెట్టారు. మన పూర్వీకుల ఆకలి మీద తవ్విన కాలువ అది. సముద్రానికి సమాంతరంగా ఉండడంతో తుపాన్లు వచ్చినప్పుడల్లా గట్లు తెగాయి. 1960లు, 70ల తుపాన్ల తర్వాత మళ్లీ కోలుకోలేదు. అయినా 2004 సునామీ రోజు చాలాచోట్ల ఆ నీటిని కాలువ పట్టి ఆపింది. ఇంత చేసిన కాలువను మనం చెత్త కుప్పగా చూడడం బాధగా ఉంటుంది.

సియాటెల్_సూరి

నదినుంచి కొంచెం పక్కకు తీసుకెళ్తున్నాను, ఏమనుకోవద్దు. మా సియాటెల్‌లో బాలార్డ్ లాకులు ఉన్నాయి. అసలు పేరు హైరం చిట్టెండెన్ లాకులు. 1917లో ప్రారంభించారు. ఒకవైపు మంచినీటి సరస్సులు, ఇంకోవైపు సముద్రం. పెద్ద లాకు 825 అడుగుల పొడవు, పక్కనే చిన్న పడవల కోసం 150 అడుగులది. ఆర్మీ ఇంజినీర్లు నడుపుతారు. చూడడానికి డబ్బులు అక్కర్లేదు. ఎంత ఎత్తు ఎక్కాలి అనేది పోటును బట్టి గంటగంటకూ మారుతుంది.

సముద్రం నుంచి సరస్సుకు సాల్మన్ చేపలు ఎక్కడానికి విడిగా ఒక దారి కట్టారు. నేలకింద గది అద్దాల్లోంచి అవి నీటికి ఎదురీదడం చూడొచ్చు. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు వచ్చినా మేము ముందు అక్కడికే తీసుకెళ్తాం. మా నాన్నగారు గంటసేపు కదల్లేదు.

అన్నా, గోదారి గాలి, దిగువకు పోయేటప్పుడు తాడు ముడి వేయకూడదని ఇక్కడ కూడా పదేపదే చెబుతారు. మీకు అలాంటిదేమైనా కనిపించిందా?

గోదారి_గాలి (రీడింగ్)

సూరీ, కనిపించింది. ఆబింగ్డన్ లాకులో మా ముందు ఒక చిన్న ఫైబర్ పడవ ఉంది. అందులో కుర్రాళ్లు ముందు తాడును గుంజకు బిగించి ముడి వేసి, వెనక కూర్చున్నారు. నీళ్లు ఒక అడుగు దిగాయో లేదో, పడవ ముక్కు గాల్లోనే ఆగిపోయింది, వెనకవైపు కిందికి దిగుతోంది. సీటు మీది సీసాలు దొర్లుకుంటూ వెనక్కి పోయాయి. కీపర్ ఒక మహిళ. ఒక్క కేక వేసి బటన్ నొక్కి తూములు మూసేశారు. నీళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమె పరిగెత్తలేదు, తిట్టలేదు. పై తూములు కొద్దిగా ఎత్తి నీళ్లు మళ్లీ నింపారు. తాడు వదులయ్యాక ముడి విప్పించారు. ఒక చుట్టు ఎలా వేయాలో, కొస ఎలా పట్టుకోవాలో ఒక కుర్రాడి చేత చేయించి చూసి, అప్పుడే మళ్లీ దించారు. మొత్తం పది నిమిషాలు. మా వెనక ఆగిన పడవల్లోంచి ఎవరూ ఒక్క హారన్ కొట్టలేదు.

మూయడం ఆలస్యమై ఉంటే ఆ పడవ తాడుకు వేలాడి తిరగబడేది. కాబట్టి ఎవరైనా మొదటిసారి వెళ్తే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: లాకులో తాడు చేతిలోనే ఉండాలి.

ఇంకొకటి. దిగేటప్పుడు పై తలుపుల కింద నీళ్లలో ఒక గడప ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పొడవాటి పడవ వెనకభాగం దానిమీద ఉండగా నీళ్లు దిగితే చుక్కాని గడపమీద చిక్కుకుంటుంది, ముందుభాగం నీళ్లలో మునుగుతుంది. గోడమీద గీత గీసి గుర్తు పెడతారు. పడవ వెనక కొస ఆ గీత దాటి ముందుకు వచ్చిందా లేదా అని చూస్తూ ఉండడం చుక్కాని దగ్గర ఉన్నవాళ్ల పని.

కోనసీమ_సుధ (స్లౌ)

అమ్మో. ఇది చదివాక సాల్టర్స్ పడవే మేలనిపిస్తోంది. తిండి సంగతి కూడా చెప్పండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటే ఏం పట్టుకెళ్లారు?

గోదారి_గాలి (రీడింగ్)

పులిహోర, పెరుగన్నం, మాగాయ. మా ఇంటావిడ రాత్రే కలిపి పెట్టింది. మా కొలీగ్‌కి పులిహోర బాగా నచ్చింది. డేస్ లాకు పైన గట్టుకు పడవ కట్టి తిన్నాం. ఎదురుగా రెండు గుండ్రటి కొండలు, వాటి తలమీద చెట్ల గుంపు. విట్టెన్‌హమ్ క్లంప్స్ అంటారు. ఒంటిగంట ప్రాంతంలో కీపర్లు కూడా భోజనానికి వెళ్తారు. అందుకే ఆ వేళకు మీ భోజనం కూడా పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది. మంచినీళ్లు పట్టుకునే కుళాయిలు కొన్ని లాకుల దగ్గర ఉన్నాయి.

అక్కడిదాకా దారి ఎలా ఉందో రాయలేదు కదా. కల్హమ్, క్లిఫ్టన్ లాకుల దగ్గర నది మెలికలు తిరుగుతుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ మెలికలను తప్పించడానికి తిన్నగా కాలువలు తవ్వారు. పడవ ఆ కాలువలోంచి పోతుంది, అసలు నది పక్కనుంచి ఆనకట్టల మీదుగా పోతుంది. క్లిఫ్టన్ హ్యాంప్‌డెన్ దగ్గర ఎర్రఇటుకల వంతెన కింద నుంచి పోయేటప్పుడు తల ఎత్తి చూడండి. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన వంతెన అది. పాతవాళ్లయితే ఆ చుట్టుపక్కల డిడ్‌కాట్ పవర్ స్టేషన్ కూలింగ్ టవర్లు చూసి ఎక్కడున్నామో గుర్తుపట్టేవారు. 2014లో సగం, 2019లో మిగతావి కూల్చేశారు.

ధవళేశ్వరం_వాసి

దుగ్గిరాల, నెల్లూరు మిత్రుల బాధ నాకూ ఉంది. మనవి ఎందుకు ఆగాయో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అంతా నిర్లక్ష్యమే అనుకుంటాం.

ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గోదావరి పాయలమీద నాలుగు ముక్కలుగా ఉంటుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు అక్కడే మొదలవుతాయి. వాటిని సాగుకూ ప్రయాణానికీ కలిపి తవ్వారు. అందుకే నీళ్లు తీసుకునే తూములతోపాటు పడవల లాకులు కూడా ఉన్నాయి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్లకు ఇది తెలుసు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలుపుతుంది. అంటే ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కి, లాకులు దిగుతూ ఎక్కుతూ, విజయవాడ మీదుగా మద్రాసు దాటి పోవచ్చు.

థేమ్స్‌కూ మన కాలువలకూ పెద్ద తేడా ఇక్కడే ఉంది. అక్కడ లాకు ఉన్నది నదిమీద, నీళ్లు ఏడాదంతా ఉంటాయి. మన లాకులు ఉన్నది పంటకాలువల మీద. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తాం. ఆ నెలల్లో పడవ కదలదు. పంటకు నీళ్లు కావాలన్నప్పుడు లాకు నింపడానికి వదిలే నీటిమీద కూడా రైతు కన్ను ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు ఆగిపోయే రవాణాను వ్యాపారి నమ్ముకోలేడు. రైలు, లారీ ఏడాదంతా నడిచాయి. తర్వాత కాలువలమీద తక్కువ ఎత్తులో వంతెనలు కట్టేశాం, గుర్రపుడెక్క పెరిగింది, పూడిక చేరింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన ఒక్కదానితో పడవ నడవదు. ముందు వంతెనలు ఎత్తాలి, పూడిక తీయాలి, లాకు తలుపులు మార్చాలి. ఇవన్నీ చేయగలిగిన పనులే.

సర్రే_శాస్త్రి

మాస్టారూ, కాటన్ దొర పేరు చెప్పకుండానే ముగించారు. ఆయన చివరి రోజులు గడిపింది మా సర్రేలోనే. 1899లో డోర్కింగ్‌లో పోయారు. సమాధి అక్కడి శ్మశానంలోనే ఉంది. తెలుగువాళ్లు వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు. మేమూ కుటుంబంతో వెళ్లాం. లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం.

ఆయన జీవితాంతం వాదించినది ఒకటే: ఇండియాలో రైళ్లకు పెట్టే ఖర్చులో కొంతయినా పడవలు నడిచే కాలువలకు పెట్టండి, పొలానికి నీళ్లూ వస్తాయి, సరుకు రవాణా చౌకగా జరుగుతుంది అని. పార్లమెంటు కమిటీల ముందు కూడా అదే చెప్పారు. రైళ్లవాళ్లదే పైచేయి అయింది. ధవళేశ్వరంలో ఆయన మ్యూజియం చూసినవాళ్లు, వీలైతే డోర్కింగ్ కూడా వెళ్లి రండి.

రవి_ఓరుగల్లు

అన్నా ఇంకో మాట. వాన ఎక్కువ పడితే థేమ్స్ మీద లాకులు బంద్ చేస్తరా?

గోదారి_గాలి (రీడింగ్)

లాకులు సాధారణంగా మూయరు, కానీ హెచ్చరిక బోర్డులు పెడతారు. పసుపు బోర్డు ఉంటే ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో అర్థం, జాగ్రత్తగా పోవాలి. ఎర్ర బోర్డు ఉంటే ప్రవాహం బలంగా ఉంది, ఇంజిన్ లేని పడవలు అసలు దిగకూడదు, మిగతావాళ్లు కూడా సురక్షితమైన చోట కట్టేసుకుని ఆగాలి. ప్రతి లాకు దగ్గరా కనిపిస్తాయి, వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు. శీతాకాలంలో వారాల తరబడి ఎర్రగానే ఉంటాయి. అందుకే అద్దె పడవల సీజన్ ఎండాకాలమే.

ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మనం టీవీలో చూసి భయపడుతుంటాం కదా, పద్ధతి ఇంచుమించు అదే. గోదావరి వరద ముందు థేమ్స్ వరద చాలా చిన్నది. పడవకు మాత్రం చిన్న ప్రవాహం కూడా ఎక్కువే. లాకు పక్కనే ఆనకట్ట ఉంటుంది, ప్రవాహం పడవను అటే లాగుతుంది.

పెన్నా_తీరం (నెల్లూరు)

చివరి భాగం రాయలేదు. బెన్సన్ తర్వాత ఏమైంది?

గోదారి_గాలి (రీడింగ్)

నిజమే, అది మిగిలిపోయింది. బెన్సన్ నుంచి క్లీవ్ దాకా పదిన్నర కిలోమీటర్లు. థేమ్స్‌లో రెండు లాకుల మధ్య ఇదే అన్నిటికన్నా పొడవైన భాగం. అప్పటిదాకా కాసేపటికొకసారి తాళ్లు, గుంజలు, పలకరింపులు ఉండేవి. ఇక్కడ ఏమీ ఉండవు. వాలింగ్‌ఫర్డ్ పాత రాతివంతెన దాటాక అంతా పొలాలు, పడవలు నేర్చుకునే విద్యార్థులు. రోజంతా నిలబడి ఉన్న కాళ్లు అప్పుడే లాగడం మొదలుపెడతాయి. శ్రద్ధ తగ్గేది కూడా అప్పుడే. మేము అరగంటకొకసారి చుక్కాని మార్చుకున్నాం. సన్నటి పోటీ పడవల్లో విద్యార్థులు వెనక్కి తిరిగి తెడ్లు వేస్తారు కాబట్టి ఎదురుగా ఏముందో వాళ్లకు కనిపించదు. వాళ్లకు దారి ఇవ్వాలి.

మౌల్స్‌ఫర్డ్ దగ్గర రైలు వంతెన కింద నుంచి పోయాం. బ్రూనెల్ కట్టింది. నదికి ఏటవాలుగా దాటుతుంది కాబట్టి, కమాను లోపల ఇటుకల వరుసలు కూడా మెలితిరిగి ఉంటాయి. కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. రైల్లో పోయేటప్పుడు ఎప్పుడూ తెలియలేదు.

క్లీవ్ లాకు తర్వాత గోరింగ్ లాకు కిలోమీటరు దూరం కూడా ఉండదు. థేమ్స్‌లో అన్నిటికన్నా పొట్టి భాగం అది. పొడవైన దాని వెంటనే పొట్టిది రావడం వల్ల, ఒక లాకు తాళ్లు చుట్టి పెట్టేలోపే ఇంకో లాకు వచ్చేస్తుంది. మేము గోరింగ్ చేరేసరికి కీపర్ ఇంకా ఉన్నారు. పొద్దున్న ఎక్కడ బయలుదేరారని అడిగారు. ఆక్స్‌ఫర్డ్ అంటే, "ఒక్క రోజులోనా, మంచి పని చేశారు" అని తూములు ఎత్తారు. అటు చిల్టర్న్ కొండలు, ఇటు బర్క్‌షైర్ కొండలు, మధ్యలో నది కోసుకున్న సందులో ఊరు. దిగువ గట్టుకు పడవ కట్టేశాం.

నా అభిప్రాయం చెప్పాలంటే, తొందర లేనివాళ్లు దీన్ని రెండు రోజులు చేసుకోవాలి. మొదటి రాత్రి ఆబింగ్డన్‌లోనో వాలింగ్‌ఫర్డ్‌లోనో ఆగితే ఊళ్లు కూడా చూడొచ్చు. మేము పడవ చేర్చే పనిమీద ఉన్నాం కాబట్టి ఒక్క రోజులో లాగాం.

దుగ్గిరాల_బిడ్డ

చాలా సంతోషం అన్నా. నేను సంక్రాంతికి ఊరెళ్తున్నాను. మా లాకుల ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను. తలుపులు, చక్రాలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో చూసి రాస్తాను. ధవళేశ్వరం మాస్టారూ, ఏమేమి చూడాలో చెప్పండి.

ధవళేశ్వరం_వాసి

తప్పకుండా నాయనా. తలుపులు చెక్కవా ఇనుపవా, అంచులనుంచి నీరు కారుతోందా, చక్రాల పళ్లు అరిగాయా, లాకు లోపల పూడిక ఎంత చేరింది, ఎగువ దిగువల్లో మొదటి వంతెన ఎంత ఎత్తులో ఉంది. ఈ ఐదూ చూసి రాయి. గోడమీద కట్టిన సంవత్సరం చెక్కిన రాయి ఉంటే దాని ఫొటో కూడా తియ్యి. లొల్ల వైపు వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా రాయండి. అన్నీ ఒకచోట చేరితే అర్జీ రాయడానికి పనికొస్తాయి. అది నేను రాస్తాను.

కోనసీమ_సుధ (స్లౌ)

మాది లొల్లకు దగ్గరే మాస్టారూ. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు, వాడి చేత తీయిస్తాను.

ఇంకొక్క డౌటు గోదారి గాలి గారూ. సాల్టర్స్ పడవలో ఆబింగ్డన్ వెళ్లాక తిరిగి రావడానికి మళ్లీ పడవేనా?

గోదారి_గాలి (రీడింగ్)

అక్కర్లేదు సుధ గారూ. ఆబింగ్డన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు బస్సులు తరచుగా ఉంటాయి. పిల్లలు అలసిపోతారు కాబట్టి ఒకవైపు పడవ, ఒకవైపు బస్సు మేలు. పడవ టైమింగులు సీజన్‌ను బట్టి మారతాయి, బయలుదేరే ముందురోజు చూసుకోండి. పడవలో ముందు కుర్చీలు పట్టుకోండి, లాకు తలుపులు తెరుచుకోవడం అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది.